తల దించిన బాతులు

విమానం రెక్కలు డిజైన్ చేసే ఇంజనీరును కూర్చోబెట్టి ప్లాస్టిక్ అట్టల్లో బాతు బొమ్మలు కోయించిన ఘనత బ్రెమెన్ చుట్టుపక్కల నాదొక్కదానిదే అయి ఉంటుంది. ఆ ఇంజనీరు మా ఆయన. కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. విమానాలు ఎగరడం లేదు కాబట్టి కొత్తవి కొనేవాళ్ళు లేరు. మా ఆయన కంపెనీలో కుర్ట్‌సార్‌బైట్ పెట్టారు. వారానికి రెండు రోజులు పని, మిగతా రోజులు ఇంట్లో. నేను పనిచేసే పసిపిల్లల బడి ‘కీటా’ వంటగదిని మార్చిలో మూశారు, మళ్ళీ తెరిచినప్పుడు నన్ను పిలవలేదు. ఇద్దరు మనుషులు, రెండు గదులు, రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. అక్టోబరు వచ్చేసరికి ఆయన చెంచాలు సర్దే పద్ధతి చూసినా నాకు ఒళ్ళు మండేది.

మేమున్నది బ్రెమెన్‌కి అరగంట దూరంలో, ఒక పాత రైతు ఇంటి మేడ మీద. కింద ఇంటి ఓనరు ఉండేవాడు. ఎనభై దాటిన మనిషి. తుంటి ఆపరేషన్ అయిన కాలు ఈడుస్తూ నడిచేవాడు. పొలం కౌలుకిచ్చేశాడు గానీ వేట లైసెన్సు మాత్రం వదల్లేదు. మాట తక్కువ. నేను మెట్లు దిగుతూ పలకరిస్తే గొంతులో ఏదో అనేవాడు. అది జవాబో దగ్గో రెండేళ్ళయినా నాకు తేలలేదు.

ఆయన భార్యకు మతిమరుపు జబ్బు. మేం ఆ ఇంట్లో దిగిన మొదటి చలికాలం ఆమె ఇంకా కిందే ఉండేది. నన్ను చూసినప్పుడల్లా కొత్తగా పరిచయం చేసుకుని ఒక ఆపిల్ చేతిలో పెట్టేది. ఒకే పూట మూడు ఆపిల్స్ తీసుకున్న రోజులున్నాయి. తర్వాత ఫ్లేగెహైమ్‌లో, అదే వృద్ధులను చూసుకునే హోమ్‌లో, చేర్చక తప్పలేదు. ఆయన రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆమెతో కలిసి భోంచేసి వచ్చేవాడు. కరోనాతో ఆ తలుపులు మూశారు. వారానికి ఒక టెర్మిన్ అని టైము ఇచ్చేవారు, అరగంట, అదీ కిటికీ బయట నిలబడి చూడ్డానికి.

అక్టోబరులో ఒకరోజు ఆయన మెట్ల కింద నిలబడి నన్ను పిలిచాడు. అద్దె పెంచుతాడేమో అనుకుంటూ దిగాను.

“ఆమె తినడం లేదు,” అన్నాడు. “రోజుకి రెండు చెంచాల పెరుగు. అంతే. డాక్టరు ఫోన్ చేశాడు. నవంబరు సగం దాకా చూస్తామన్నాడు. ఆ తర్వాత గొట్టం వేయడమే దారి. గొట్టం వద్దని ఆమె తెలివి బాగున్నప్పుడే కాగితం మీద రాసి సంతకం పెట్టింది.”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తినకపోతే ఇంక అంతే.

“బాతు తింటుంది,” అన్నాడాయన. నవంబరులో వచ్చే మార్టిన్ పండుగకు ఈ దేశంలో పెద్దబాతు వండుకుంటారు. ఆయన యాభై ఏళ్ళుగా ఆ రోజుకు తన చేత్తో ఒక అడవి బాతును కొట్టి తెచ్చేవాడట, ఆమె వండేదట. కొట్లో దొరకదా అని నేనడిగాను. అడక్కుండా నోరు మూసుకోవడం నా జాతకంలో లేదు.

“కొట్లో బాతు ఆమెకు తెలిసిపోతుంది. నా బాతయితే పంటికి తుపాకీ గుండు తగులుతుంది. మిరియం గింజంత ఉంటుంది. ఎంత ఏరినా ఒకటి మిగిలిపోతుంది. దాన్ని తీసి కంచం అంచున పెట్టి, మళ్ళీ బరువు పెంచి తెచ్చావా అనేది. ప్రతి ఏడూ అదే మాట. యాభై ఏళ్ళు.”

అంత పొడుగు మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

చిక్కేమిటంటే, ఆ కాలితో ఆయన బాతుల దగ్గరికి పాక్కుంటూ వెళ్ళలేడు. బాతులే ఆయన దగ్గరికి రావాలి. దానికి పొలంలో నిలబెట్టే బొమ్మ బాతులు కావాలి. పైన ఎగిరేవి వాటిని చూసి, మనవాళ్ళు దిగారు కదా అని దిగుతాయి. ఆయన దగ్గర పాత బొమ్మలు ఉండేవి. జబ్బు ముదిరిన చలికాలంలో ఆయన బయటికెళ్ళినప్పుడు, కట్టెలనుకుని ఆమె ఒక్కొక్కటీ పొయ్యిలో పెట్టేసింది. కొత్తవి కొనాలంటే పెన్షన్ హోమ్‌కే చాలడం లేదు. చెక్క కోద్దామంటే ఆయన చేతుల్లో రంపం పట్టే సత్తువ లేదు. మా ఆయన చేతికి పనిముట్లు అలవాటని ఆయనకు తెలుసు. అందుకే పిలిచాడు.

మా భాషలో దాన్ని దీమం అంటారు. కొల్లేటి అంచున మా మేనమామకు ఒక దీమపు బాతు ఉండేది, ప్రాణమున్నదే. కాలికి తాడు కట్టి నీళ్ళలో వదిలేవాడు. అది ఒంటరిగా అరిస్తే పైనున్నవి దిగేవి, వల పడేది. ఏడేళ్ళప్పుడు చూశాను. తోటివాళ్ళను పిలిచి చంపించి, సాయంత్రం గంపకింద నిమ్మళంగా నూకలు తినే ఆ బాతంటే నాకు అసహ్యం పుట్టింది. దాన్ని కట్టినవాణ్ణి వదిలేసి బాతు మీద కోపం పెంచుకున్నాను. అలాంటి పని నా చేత్తో చెయ్యాలంటే మనసు ఒప్పలేదు. ఆమె ఇచ్చిన ఆపిల్స్ గుర్తుకొచ్చాయి. ఊఁ అన్నాను.

మేడెక్కి సంగతి చెబితే మా ఆయన ముందు నవ్వాడు.

“ఏమేవ్, నాకు మెకానికల్‌లో మాస్టర్స్ ఉంది. బాతులు చేయమంటావా?”

“చేసే విమానాలెలాగూ ఎగరట్లేదు కదండీ. ఎగరని బాతులు చేయండి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.”

ఆ దెబ్బతో లేచాడు.

సామాను కొనే పని పడలేదు. మా ఊళ్ళో ఏటా జరిగే తుపాకీ క్లబ్బు పండుగ ఆ ఏడు రద్దయింది. పండుగ కోసం ముందే అచ్చేయించిన ప్లాస్టిక్ బోర్డులు ఓనరు కొట్టంలో ఒక గుట్ట పడున్నాయి. తేలిక, వానకు తడవవు, చాకుతో తెగుతాయి. కాళ్ళకు పాత కంచె తీగ ముక్కలు. రంగుకు గోడలకు వేయగా మిగిలిన తెలుపు, నలుపు కలిపితే బూడిద రంగు వచ్చింది. మా ఆయన ఇంటర్నెట్‌లో ఒక్క ఫోటో పట్టాడు. మెడ నిటారుగా ఎత్తి నిలబడ్డ బాతు. గీత స్పష్టంగా ఉంది, కోయడం సులువన్నాడు. దాన్ని అట్ట మీద గీసి, ఆ ఒక్క అచ్చుతోనే నలభై కోశాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి మిల్లీమీటరు తేడా లేదని నాకు చూపించి మురిసిపోయాడు. కొన్నింటికి వెనకవైపు రంగు పలచబడి, పొట్ట మీద బీరు మగ్గు బొమ్మ కనిపించేది.

రంగు పని నాది. మా వైపు బొమ్మంటే నిగనిగలాడాలి, కళ్ళు దిద్దాలి. కొండపల్లి బొమ్మలు చూసి పెరిగిన చెయ్యి మరి. నలభై బాతులకూ కాటుక కళ్ళు దిద్దాను. పైన వార్నిష్ రెండు పూతలు పూశాను. కొట్టంలో వరసగా ఆరబెడితే ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను. ఓనరు వచ్చి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “కళ్ళు బావున్నాయి,” అన్నాడు. ఆయన నోట అది బిరుదే.

రెండిళ్ళవాళ్ళకు మించి కలవకూడదని రూలు. మేం సరిగ్గా రెండిళ్ళవాళ్ళం. తెల్లవారక ముందే కౌలుదారు గోధుమ మొలకల పొలంలోకి వెళ్ళాం. బాతులు అక్కడే మేస్తాయి. ఓనరు కాలవ గట్టు కింద మడతపీట వేసుకుని తుపాకీతో కూర్చున్నాడు. బొమ్మలు పాతే పని మాది. నేను వాటిని బంతి భోజనానికి కూర్చోబెట్టినట్టు ఎదురెదురుగా రెండు వరసల్లో పాతించి, అది బావుండలేదని మళ్ళీ పీకించి, అన్నింటి ముఖం తూర్పుకు తిప్పించాను. దీపమైనా పీటైనా తూర్పుకు తిప్పి పెట్టడం నా చేతికి పుట్టుకతో వచ్చింది. మా ఆయన తాడు పట్టి వరస సరిచూశాడు. ఓనరు తుపాకీలో గుళ్ళు నింపుకుంటున్నాడు.

తెల్లవారింది. బాతులు వచ్చాయి. ముందు అరుపులు, తర్వాత ఆకాశం నిండా అవే. ఒక గుంపు మా మీదికి వంగింది, కాస్త కిందికి వచ్చింది, నేల మీద వాలడానికి రెక్కలు ఇంకా బిగించలేదు. అప్పుడు సూర్యుడు పైకొచ్చాడు. నలభై వార్నిష్ బాతులు ఒక్కసారిగా అద్దాల్లా తళుక్కుమన్నాయి. గుంపు గుంపంతా పైకి లేచిపోయింది. ఎనిమిదింటి దాకా కూర్చున్నాం. ఒక్కటి దిగలేదు. మర్నాడు వార్నిష్ మీద బురద పులిమి మళ్ళీ పెట్టాం. ఈసారి తళుకు లేదు. అయినా వచ్చాయి, మా మీద రెండు చుట్లు తిరిగాయి, పోయాయి. మూడో రోజూ అంతే. పండుగకు ఇంకా పదిరోజులే ఉన్నాయి.

“అసలు ఇన్నేళ్ళూ మీరు ఎలా పెట్టేవారు?” అని విసుగ్గా అడిగాను.

ఆయన తుపాకీ గుడ్డతో తుడుస్తూ తల దించుకున్నాడు. “పెట్టేది ఆమె. చేసిందీ ఆమే. నేను తర్వాత వచ్చి కూర్చునేవాణ్ణి. ఎలా పెడుతోందో ఏనాడూ చూడలేదు.”

యాభై ఏళ్ళు పక్కనే ఉండి చూడలేదట. నాకు తిట్టాలనిపించింది. పక్కన మా ఆయన నా మొహం చూసి, “వద్దే” అన్నట్టు చెయ్యి నొక్కాడు. అందరు మగవాళ్ళూ ఒక్కటే.

ఆ వారం కిటికీ టెర్మిన్‌కి ఓనరును మేమే కారులో తీసుకెళ్ళాం. ఆమెకు తన ఫోన్లో మా బాతుల ఫోటో చూపిస్తానన్నాడు. మతిమరుపు మనిషికి అంత చిన్న ఫోన్లో ఏం కనిపిస్తుందని, నేను పది బొమ్మలు డిక్కీలో వేసుకొచ్చాను. హోమ్ వెనకాల ఆమె గది కిటికీ ముందు గడ్డి ఉంది. గాలికోసం కిటికీ పై అంచు కొంచెం వాల్చి ఉంచారు. లోపల కుర్చీలో ఆమె ఉంది. చేతులు కర్రల్లా అయిపోయాయి. ఆయన అద్దం మీద చెయ్యి పెట్టి పలకరించాడు. ఆమె చూపు ఆయన భుజం మీదుగా ఎక్కడికో పోయింది. నేను గబగబా పది బాతులూ గడ్డిలో గుచ్చాను, వరసగా, తూర్పుకు.

ఆమె చూసింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత కుర్చీ చేతుల మీద బలం పెట్టి ముందుకు వంగింది. ఏదో అంది. పాతకాలపు పల్లెటూరి జర్మన్, నాకు ముక్క అర్థం కాలేదు. ఓనరుకు మాత్రం అర్థమైంది. ఆయన అద్దానికి ఇంకా దగ్గరగా జరిగాడు.

“ఏమంటున్నారు?” అన్నాను.

“అన్నీ కాపలాయేనా అంటోంది. అందరూ తలెత్తి చూస్తుంటే తినేదెవరు అంటోంది. అలా చూస్తే పైనున్న వాటికి భయం పుడుతుందట. నక్కో మనిషో ఉన్నాడనుకుంటాయట.”

ఆమె ఇంకా చెబుతోంది. వేలితో గాలి ఎటునుంచి వస్తోందో చూపించింది. ముఖాలు అటు తిప్పమంది. ఇద్దరు ముగ్గురు దగ్గరగా, మధ్యలో జాగా వదలమంది, దిగేవాళ్ళకు చోటుండాలి కదా అంది. తల దించిన బాతులు కావాలంది. నిమ్మళంగా మేస్తున్నవి. నేను ఆమె చెప్పినట్టల్లా గడ్డిలో పరిగెత్తి తిప్పుతున్నాను. నా వెనక మా ఆయన. ఒకదాని పొట్ట మీద బీరు మగ్గు చూసి ఆమె నవ్వింది కూడా. అరగంట అయిపోయింది. నర్సు వచ్చి, నాలుగు నెలల్లో ఆమె ఇన్ని మాటలు మాట్లాడలేదని చెప్పింది. మధ్యాహ్నం భోజనం మాత్రం మామూలుగానే వెనక్కి వచ్చిందని సాయంత్రం ఫోనొచ్చింది.

ఆ రాత్రికే పని మొదలు. మా ఆయన ముప్పై ఏడు మెడలు కోసి, కిందికి వంచి, మరలు బిగించాడు. మిల్లీమీటరు లెక్కంతా మట్టిలో కలిసిందని ఏడుపు మొహం పెట్టాడు గానీ, ఒక్కో మెడ ఒక్కోలా వంచడంలో ఆయనకూ సరదా పుట్టింది. కాపలాకు మూడే మిగిల్చాం. కాటుక కళ్ళ మీద బూడిద రంగు కొట్టేశాను. అది మాత్రం నాకు కష్టమైంది.

మళ్ళీ పొలానికి వెళ్ళినప్పుడు గాలి పడమటినుంచి. తూర్పు మాట నేను ఎత్తలేదు. గుంపులు గుంపులుగా, మధ్యలో జాగా వదిలి పాతాం. ఏడున్నరకు అయిదు బాతులు వచ్చాయి, ఒక్క చుట్టు తిరిగాయి, రెక్కలు బిగించి, కాళ్ళు కిందికి జార్చి, సరిగ్గా ఆమె వదలమన్న జాగాలోకి దిగాయి. ఒక్క దెబ్బే వినిపించింది. మిగతా నాలుగూ అరుస్తూ వెళ్ళిపోయాయి. నాకు మేనమామ దీమం గుర్తొచ్చింది. ముసలాయన కాలీడ్చుకుంటూ వెళ్ళి, చచ్చిన బాతు పక్కన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. అది వాళ్ళ ఆచారమట. అది చూశాక నాకు కొంచెం నయమనిపించింది.

వంట నా మీదే పడింది. ఆమె పాత అలమర తలుపు లోపల వంట కాగితం అంటించి ఉంది. ఆపిల్స్, ఉల్లిపాయ, ఉప్పు, మూడు గంటలు. అంతే. అల్లం వెల్లుల్లి లేకుండా మాంసం ఎలా దిగుతుందో నాకు తెలీదు. రెండుసార్లు చెయ్యి మసాలా డబ్బా దాకా వెళ్ళింది. ఒక్క లవంగం పడినా ఆమెకు తెలిసిపోతుందని వెనక్కి తీసుకున్నాను. మా ఆయన రుచి చూసి, “చప్పగా ఉంది, సూపర్‌గా ఉంది,” అన్నాడు. ఏది నిజమో అడగలేదు.

పండుగ రోజు హోమ్ వాళ్ళు ప్రత్యేకంగా టెర్మిన్ ఇచ్చారు. గుమ్మం దగ్గర డబ్బా అందించాం. మిగిలిన బాతు, రొట్టె ఇంకో డబ్బాలో మా కారులోనే ఉంది, ఇంటికెళ్ళాక తిందామని. మేం కిటికీ దగ్గరికి వచ్చేసరికి లోపల ఆమె ముందు కంచం పెట్టి ఉంది. తొడ ముక్క, ఎర్ర క్యాబేజీ. మాస్కు, దానిమీద ప్లాస్టిక్ అద్దం పెట్టుకున్న నర్సు పక్కన నిలబడి ఫోర్కు నోటి దగ్గర పెట్టింది. ఆమె పెదాలు బిగించింది. ఇంకో నర్సు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఇవతల అద్దానికి ముక్కు ఆనించి ముసలాయన. ఆయన వెనక నేను, మా ఆయన. పది నిమిషాలు గడిచాయి. కంచంలో ఆవిరి తగ్గిపోయింది. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

“ఇంక ఇంతే,” అన్నాడాయన నెమ్మదిగా. అద్దం మీదినుంచి చెయ్యి తీశాడు.

నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీదు. అయిదుగురం. అయిదుగురమూ మెడలెత్తి ఆ ఒక్క మనిషినే చూస్తున్నాం. తినేదెవరు అని ఆమె అడిగింది కదా, ఈ కిటికీలోంచే.

“ఏవండీ, కారులో డబ్బా తీసుకురండి. ఆయన మడతపీట కూడా,” అన్నాను.

పీట కిటికీ ముందు వేసి, ముసలాయన్ని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. ఒడిలో డబ్బా పెట్టాను.

“తినండి.”

“నాకు ఆకలి లేదు.”

“మీ ఆకలి ఎవరడిగారు? మీ ఆవిడ చెప్పింది వినండి. అందరూ కాపలాయేనా? తల దించి తినండి. ఆమె వైపు చూడొద్దు.”

ఆయన నా వైపు వింతగా చూశాడు. తర్వాత అర్థమైంది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, తల వంచి, రొట్టె తుంచాడు. లోపలి నర్సులకు నేను చేతులతో సైగ చేశాను, వెనక్కి వెళ్ళండి, కూర్చోండి అని. ఫోర్కు కంచం పక్కన పెట్టి వాళ్ళు తప్పుకున్నారు. మా ఆయనా నేనూ తడిగడ్డిలోనే కూర్చున్నాం. ఆ చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నా చేత్తోనే తిన్నాను. నేనూ తల వంచే ఉన్నాను గానీ, నా సంగతి మీకు తెలిసిందేగా, కనురెప్పల కిందినుంచి చూస్తూనే ఉన్నాను.

ఆమె మొదట మమ్మల్ని చూసింది. తర్వాత ఆయన బట్టతలను చూసింది, చాలాసేపు. తర్వాత ఫోర్కు తీసుకుంది. చిన్న ముక్క. నమిలింది. ఇంకో ముక్క. మధ్యలో నమలడం ఆగింది. నేనూ నమలడం ఆపాను. ఆమె రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఏదో తీసి, కంచం అంచున పెట్టింది. చలికి కిటికీ మూసే ఉంది, అద్దం ఇవతలికి చప్పుడు వినపడలేదు. మిరియం గింజంత ఉంది. పెదాలు కదిలాయి, ఏమందో తెలీదు, తెలుసు కూడా.

“తిన్నదా?” అన్నాడాయన తల ఎత్తకుండా. గడ్డం మీదినుంచి నీళ్ళు డబ్బాలోకి కారుతున్నాయి.

“తింటున్నారు.”

“ఇప్పుడు చూడొచ్చా?”

“ఇంకాసేపు ఆగండి,” అన్నాను. ఆమె ఇంకో ముక్క కోసుకుంటోంది.